హుళహుళి తిరగని నాలుక

ఇలా దగ్గరికి జరగండి. చాప ఈ కొస ఖాళీగానే ఉంది. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకోండి, నేనేమీ అనుకోను. చేతిలో ఫోనుంటే కాసేపు బోర్లా పెట్టండి. చెప్పబోయేది పెద్ద సంగతేమీ కాదు, నా నాలుక సంగతి. నలభై ఎనిమిదేళ్ళుగా నా ఉప్పు తింటూ, నేను ఎలా ఆడమంటే అలా ఆడిన నాలుక, ఒక్క నెల రోజులు మొండికేసి నన్ను వీధి వీధంతా నవ్వులపాలు చేసింది. వినండి.

మేముండేది ఒడిశాలోని బరంపురంలో, లంజిపల్లి పేటలో. నేను పుట్టింది రంభలో, చిలికా సరస్సు ఒడ్డున. మా నాన్న ఎండుచేపల బేరం చేసేవాడు. తెలుగువాళ్ళమే, తాత కాలం నుంచీ మరియమాత గుడికి వెళ్ళే కుటుంబం. నా చదువు అయిదో తరగతితో ఆగింది, అదీ తెలుగులోనే. ఒడియా మాట్లాడమంటే గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాను. ఒడియా అక్షరం చూపిస్తే మాత్రం అది నాకు నూనెలో తేలుతున్న జంతికలాగే కనిపిస్తుంది.

మా గుడిలో పూజ ఒడియాలో జరుగుతుంది. తెలుగు ఇళ్ళు ఏడో ఎనిమిదో ఉంటాయి. ఆడవాళ్ళ వైపు అన్నిటికంటే వెనక ఉన్న చాప మాది. మాదని ఎవరూ రాసివ్వలేదు, అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అయినా అది మాదే. ఇరవై రెండేళ్ళు ఆ చాప మీద కూర్చుని నేను పీఠాన్ని చూసింది తక్కువ, ముందువాళ్ళ జడలు చూసింది ఎక్కువ. ఎవరి జుట్టు ఏ ఏడు నెరవడం మొదలుపెట్టిందో, ఎవరు ఏ క్రిస్మస్‌కి రంగు వేశారో అడగండి, చెబుతాను.

ఆమధ్య మాకు కొత్త ఫాదర్ గారు వచ్చారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడే మనిషి. వచ్చిన మూడో ఆదివారం పూజ అయ్యాక ప్రతి ఒక్కరి చెయ్యీ కావాలన్నారు. చందా కాదు, చెయ్యి. వరండాలో బల్లలు వేయించి బల్లకో కాగితం పెట్టించారు. పువ్వులు కట్టేవాళ్ళకి ఒక కాగితం, పాటలు పాడేవాళ్ళకి ఒకటి, గుడి ఊడ్చేవాళ్ళకి ఒకటి, పండుగ వంటకి ఒకటి, రోగుల ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒకటి. జనం సంతలో వంకాయలు ఏరినట్టు బల్లలన్నీ తిరిగి ఏరుకుంటున్నారు.

మా ఆయన రోగుల కాగితంలో రాయించాడు. రాయించింది తనని కాదు, తన ఆటోని. నడవలేని ముసలివాళ్ళని ఆదివారం ఆటోలో తెచ్చి గుడి మెట్ల దగ్గర దింపడం ఆయన పని. మా అమ్మాయి స్కూల్లో చిన్నపిల్లలకి టీచరు, అది పాటల కాగితంలో పేరు రాసేసి నా వైపు తిరిగింది.

“అమ్మా, నువ్వేటి రాత్తావు?”

“పాటలకి పుస్తకం సదవాలి. వంటకి మీ నాన్న ఒప్పుకోడు, ఇంట్లో ఉప్పెక్కువేత్తానని ఊరంతా సెప్పీసినాడు. ఆ సివరి బల్ల ఏటే?”

ఆ బల్ల దగ్గర మఠం సిస్టరు గారు కూర్చుని ఉన్నారు. కాగితం మీద రెండే పేర్లున్నాయి. అది స్వాగతం గుంపు అని, పండుగనాడు బిషప్పు గారికీ ఊరేగింపుకీ స్వాగతం పలికేవాళ్ళని చెప్పారు. నా గుండె పొంగిపోయింది. స్వాగతమా! నాకు రాకపోవడమేమిటి? మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర నిలబడి ఎంతమందికి పన్నీరు చల్లలేదు, ఎంతమందికి గంధం రాయలేదు? పక్కనున్నవాళ్ళ చేత పేరు రాయించుకోవడం ఇష్టంలేక, నేనే తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఆ జంతికల మధ్య నా పేరు ఎంత బాగుందో!

వచ్చే ఆదివారం మూడింటికి గుంపు కలుస్తుందన్నారు. నా పెళ్ళినాటి పన్నీరు బుడ్డి అటక మీంచి దింపాను. చింతపండు పెట్టి తోమాను. పన్నీరు నింపి, చెంగు కింద దాచుకుని వెళ్ళాను. పిల్లలకి జపాలు నేర్పే గదిలో పాత గుంపువాళ్ళతో కలిపి పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ ఒడియావాళ్ళే. ఏదైనా మొదటిరోజే మన పని మనం చూపించాలి కదా. గుమ్మంలో నిలబడి బుడ్డి ఎత్తి అందరి మీదా చల్లేశాను.

మూలనున్న ఒక ముసలామె కళ్ళద్దాలు తీసి పైకి చూసింది.

“ఏటిది, కప్పు కారతందా?”

ఆమె మౌసి. మౌసి అంటే పిన్నమ్మ. గుడిలో చిన్నాపెద్దా అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. డెబ్భై దాటిన మనిషి, ఎండిన మునగకాయలాగ ఉంటుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. వార్డుల్లో తెలుగు రోగులతో వేగీ వేగీ ఆమెకి మన తెలుగు బాగా పట్టుబడింది. నలభై ఏళ్ళుగా మాత పండుగ ఊరేగింపులో దీపం పట్టుకుని విగ్రహానికి ముందు నడిచేది ఆమే.

“కప్పు కాదు మౌసీ, పన్నీరు. స్వాగతానికి,” అన్నాను.

గది గదంతా పకపకా నవ్వింది. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఈ గుడిలో స్వాగతమంటే నీళ్ళు చల్లడం కాదట. హుళహుళి.

ఒడియావాళ్ళ పెళ్ళికి వెళ్ళినవాళ్ళు వినే ఉంటారు. ఆడవాళ్ళు గొంతు సన్నగా పైకెత్తి, నాలుకని నోట్లో ఆ చెంపకీ ఈ చెంపకీ చకచకా కొడుతూ చేసే శుభశబ్దం అది. పిల్లకి పెళ్ళి కుదిరినా, కోడలు గడప దాటి లోపలికి వచ్చినా, దేవుడు వీధిలోకి వచ్చినా ముందు హుళహుళి లేస్తుంది. మన ఇళ్ళలో ఆ అలవాటు లేదు, మనకి మేళం ఉంటే చాలు. అర్ధశతాబ్దం ఒడియావాళ్ళ మధ్య బతికినదాన్ని, ఏటా ఊరేగింపులో విన్నాను తప్ప, దానికొక గుంపుందని తెలియదు, నోరు తెరిచి ఒక్కసారి చేయలేదు.

మెల్లగా బుడ్డితో సహా జారుకుందామనుకున్నాను. అంతలో ఫాదర్ గారూ, పాటల గుంపుని నడిపే కీబోర్డు మాస్టారూ లోపలికి వచ్చారు. మాస్టారు చేతిలో నల్లటి స్పీకరు పెట్టె ఉంది. దానిని పసిపిల్లాడిలాగ ఎత్తుకుని తిరుగుతాడాయన.

అసలు గొడవేమిటంటే, అంతకు ముందటి పండుగ వరకూ హుళహుళి ఎత్తేది మౌసి. ఆమె ఒక్కతే ముందు ఎత్తాలి, తరవాత అందరూ అందుకుంటారు. ఆ పండుగనాడు ఆమె కొత్తగా పెట్టించుకున్న పళ్ళసెట్టు, పైవరస, హుళహుళి మధ్యలో ఎగిరి ముందున్న బంతిపువ్వుల పళ్ళెంలో పడింది. పువ్వులు చల్లే పిల్ల అది చూడకుండా గుప్పిట పట్టి మాత మీద చల్లబోయింది. ఎవరో ఆఖరు నిమిషంలో చెయ్యి పట్టుకున్నారు. అప్పటినుంచి మౌసి ఎత్తనంది. మిగిలినవాళ్ళు అందుకోవడానికైతే అందరూ ఉన్నారు. ఎత్తడానికి ఒక్కరూ లేరు. ఒకామెకి ఆయాసం, ఒకామెకి సిగ్గు, చిన్నవాళ్ళకి ఫోనులో వీడియో తియ్యాలి.

“ఇంక బెంగ లేదు,” అన్నాడు మాస్టారు. “హుళహుళి ఫోనులో దొరికీసింది. మూడు నిమిషాలు ఆపకుండా వత్తాది. ఈ పెట్టెలో పెడితే బిషప్పు గారు కారు దిగకముందే వినపడతాది.”

మౌసి లేచి నిలబడింది.

“నీ పెట్టె ఎప్పుడైనా బిడ్డని కన్నాదా?”

“నేదు మౌసీ.”

“దాని కూతురికి పెళ్ళి కుదిరినాదా?”

“పెట్టెకి కూతురేటి మౌసీ...”

“మరి దానికెందుకొచ్చిన హుళహుళి? దానికేటి తెలుసని అరుత్తాది?” అని, చుట్టూ చూసి, ఆ చూపు తెచ్చి నా మీద పెట్టింది. “నువ్వు లంజిపల్లిలో ఉంతావు కదా. మొన్న సేపలావిడ సందు దాటి ఎల్లిపోతే ఎనక్కి పిలిసింది నువ్వే కదా?”

“నానే మౌసీ.”

“నాను మందులసాపు కాడ ఉన్నాను. అక్కడికి వినపడింది. సేపలావిడే కాదు, రిక్సావోడూ ఆగిపోనాడు. ఫాదర్, గొంతు దేవుడు దీనికిచ్చినాడు. నాలిక నాను తిప్పిత్తాను. ఇదే ఎత్తుతాది.”

ఫాదర్ గారు నవ్వుతూ తీర్పు చెప్పేశారు. పండుగకి నెల ఉంది. ఈ అమ్మ ఎత్తగలిగితే పెట్టె బయటికి రాదు, ఎత్తలేకపోతే పెట్టె.

“పెట్టె మోగిందా, నాను ముందు నడవను,” అంది మౌసి. “నా దీపం ఎవులికైనా ఇచ్చీండి. నాను ఎనకాల మూల సాప మీద కూకుంతాను.”

ఎనకాల మూల చాప అంటే మాదే. అది ఎవరూ పట్టించుకోలేదు. నీకిష్టమేనా అని నన్ను కూడా ఎవరూ అడగలేదు. బుడ్డి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఒక ముసలామె నలభై ఏళ్ళ నడక తెచ్చి నా నాలుక మీద పెట్టింది.

మర్నాటి నుంచి సాయంత్రం నాలుగింటికి మౌసి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నా నోట్లో పటికబెల్లం ముక్క పెట్టి, దాన్ని కొరక్కుండా ఎడమ చెంపకి, కుడి చెంపకి, మళ్ళీ ఎడమ చెంపకి తొయ్యమనేది. వేగంగా తొయ్యమనేది. నేను మూడు తోపులు తోసి నాలుగో తోపుకి మింగేసేదాన్ని.

“మింగీసినావా?”

“కరిగిపోనాది మౌసీ.”

“కరకరమంది, నాకు వినపడింది. పళ్ళు నేవు గాని సెవులున్నాయి నాకు.”

వారం తిరిగేసరికి బెల్లం డబ్బా ఖాళీ. గొంతు ఎత్తితే నాలుక ఆగిపోయేది. నాలుక తిప్పితే గొంతు ఆగిపోయేది. రెండూ కలిస్తే వచ్చే శబ్దాన్ని నేను వర్ణించలేను, మా ఆయన వర్ణించాడు. ఆటో గుమ్మం ముందు ఆపి లోపలికి వచ్చి అడిగాడు.

“ఏటే, మేక కొన్నావేటి?”

“నేదు మావా.”

“మరి ఏటది, గేదె మీద కుక్కరు ఇజిల్ ఏసినట్టుంది?”

మౌసి మంచినీళ్ళు తాగుతున్నదల్లా పొలమారి, ఒక చేత్తో పళ్ళసెట్టు పట్టుకుంది.

రెండోవారం మధ్యలో ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. స్టీలు పళ్ళెం నిలువుగా పెట్టి, అందులో నా నోరు చూసుకుంటూ నాలుక తిప్పుతున్నాను. గొంతు ఎత్తాను. సరిగ్గా అప్పుడు పైకప్పు మీంచి బల్లి ఒకటి టపీమని నా ఎడమ భుజం మీద పడింది.

అప్పుడు వచ్చిందండీ! భయానికి గొంతు అలా లేచిపోయింది, నాలుక దానంతటదే గిరగిరా తిరిగింది. తీగలాగ సాగి, కిటికీలోంచి బయటికి పోయి, సందు చివరిదాకా వెళ్ళింది. నా చెవులతో నేను విన్నాను. హుళహుళే! బల్లి కూడా కాసేపు కదలలేదు.

ఆనందం పట్టలేక ఇంకోసారి చేశాను. అదీ వచ్చింది.

అప్పుడు ఎదురింటి మేడ మీంచి ఇంకో హుళహుళి వినపడింది. ఆ వెనకింటి నుంచి మరొకటి. మా సందులో ఒడియా ఇళ్ళే ఎక్కువ. ఒకింట్లో శుభం మోగితే పక్కిళ్ళు జవాబు చెప్పాలి, అది వాళ్ళ మర్యాద. అంతదాకా నాకు ఆ ఊహే లేదు.

పది నిమిషాల్లో మా పక్కింటి వదిన గుమ్మంలో ఉంది. వాళ్ళు కోమట్లు, మూడు తరాల నుంచీ బరంపురంలో కిరాణా కొట్టు. చేతిలో పసుపు కుంకుమ, అప్పుడే తెప్పించిన ఛెనాపోడ పళ్ళెంలో. జున్ను కాల్చి చేసిన ఆ మిఠాయి వాసనకి నాకు నోరూరిపోయింది.

“వొదినా! అమ్మాయికి కుదిరిపోనాదా? పక్కనే ఉన్నాను, నాకొక్క ముక్క సెప్పలేదు సూడు!”

“అయ్యో, కాదొదినా, బల్లి పడింది!”

“ఏ బుజం మీద?”

“ఎడమ బుజం.”

“ఆడోల్లకి ఎడమే మంచిది. మరింకేటి, కుదిరినట్టే! అబ్బాయి ఏటి సేత్తాడు?”

నేను నోరు తెరిచేసరికి ఆమె ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టేసింది. నోట్లో ఛెనాపోడ ఉండగా పెళ్ళి లేదని ఎవరు చెప్పగలరు? నేను తల అడ్డంగా ఊపాను. ఆమె దాన్ని సిగ్గనుకుంది.

మీకేం చెప్పను. నాలుగు గంటలకి పెళ్ళికొడుకు కొడల అనే ఊళ్ళో బ్యాంకు ఉద్యోగి అయ్యాడు. అయిదింటికి వాళ్ళ నాన్నకి రంభలో రెండు పడవలు వచ్చాయి. దీపాలవేళకి మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా నడవలో నిలబడింది.

“అమ్మా! పాలబూతు ఆయన ‘ఎప్పుడమ్మా’ అంతన్నాడు. జెరాక్సు సాపావిడ ‘మాకు కార్డివ్వవా’ అంతాది. ఏటి ఎప్పుడు? ఏ కార్డు?”

దాని వెనకే మా ఆయన.

“నా కూతురికి పెళ్ళి కుదిరినాదని నాకు పేసింజరు సెప్పినాడే! ‘మంచి సంబంధం, వొదులుకోకు’ అని బుజం తట్టి మరీ దిగినాడు!”

నేను బల్లి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మా ఆయన అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“ముందు ఆ ఛెనాపోడ తిరిగిచ్చీ.”

“సగం తినీసినాను కదే.”

అది పళ్ళెం వైపు చూసింది. నా వైపు చూసింది. చెప్పులు విప్పి, కూర్చుని, మిగతా సగం తినేసింది. “పెళ్ళి నాది కదా,” అంది.

మర్నాడు ఇంటింటికీ తిరిగి, పెళ్ళి కాదు, గుడి పండుగకి నేర్చుకుంటున్నానని చెప్పుకొచ్చాను. వదిన పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఇంట్లో చూస్తే ఏమీ లేదు. తోమిపెట్టిన పన్నీరు బుడ్డి కనిపించింది. దాన్ని పళ్ళెంలో పెట్టి ఇచ్చాను.

“మా గుడిలో దీనికి పని లేదట వొదినా. మీ ఇంట్లో వ్రతానికి పనికొత్తాది.”

ఆమెకి కోపం రాలేదు. “మీ ఊరేగింపు మన సందు మొదట్లోంచే ఎల్తాది కదా? నాను సూత్తాను,” అంది. ఎదురింటి ఒడియా ఆవిడా అదే అంది. అందరూ అదే అన్నారు. సందు సందంతా ఆ రోజు నా నోరు చూడ్డానికి సిద్ధమైపోయింది.

ఆ సంగతి తలచుకున్నప్పటి నుంచి నా నాలుక మళ్ళీ చచ్చిపోయింది. నోరు తెరిస్తే పెళ్ళికొడుకు, పడవలు, పేసింజరు, అందరూ కళ్ళ ముందు నిలబడేవారు. బల్లి కోసం కూడా చూశాను. రాలేదు. మౌసి రోజూ వచ్చేది. ఒకరోజు “మీ మూల సాప మీద గాలి తగుల్తాదా?” అని అడిగింది.

పండుగకి నాలుగు రోజుల ముందు మా ఆయన నన్ను ఆటోలో ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్ళాడు. పొలాల పక్కన ఆపి, ఇక్కడ ఎవరూ లేరు, అరవమన్నాడు. అరిచాను. గేదెలు తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో పెట్టుకున్నాయి.

“అలగ కాదే. గొంతు ఇలగ ఎత్తి...” అని మా ఆయన చూపించాడు.

హుళహుళి! ఖంగుమంది. అచ్చు మౌసి పళ్ళున్నప్పటి హుళహుళి. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఆయన కూడా భయపడి నోరు మూసుకున్నాడు. కాసేపాగి ఇంకోసారి చేశాడు. మొదటిదానికన్నా బాగా వచ్చింది. దేవుడు నాలుకలు పంచేటప్పుడు మా ఇంటికి వచ్చేసరికి తారుమారు చేసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా చేస్తూనే ఉన్నాడు. అమ్మాయికి చెబితే అది ఉపాయం చెప్పింది. “నాన్న బ్యానరు ఎనకాల నక్కి సేత్తాడు, నువ్వు ముందు నిలబడి నోరాడించు.” ఆయన అప్పుడే ఒప్పేసుకున్నాడు. మౌసికి చెప్పాను. ఆమె జవాబు ఒక్కటే.

“మగోడు హుళహుళి ఎత్తితే మాత దిగి నడిసెల్లిపోతాది.”

పండుగ వచ్చేసింది. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. రోడ్డంతా కడిగినట్టుంది. విగ్రహాన్ని బండి మీద నిలబెట్టి బంతిపువ్వులూ మల్లెలూ కప్పేశారు. నేను బరంపురం పట్టుచీర కట్టుకుని మౌసి పక్కన నిలబడ్డాను. ఆమె చేతిలో ఇత్తడి దీపం. మా వెనక స్వాగతం గుంపు. గేటు పక్కన స్టూలు, స్టూలు మీద నల్లటి పెట్టె, పెట్టె పక్కన మాస్టారు, ఆయన వేలు ఫోను మీద. జనంలో ఎక్కడో మా ఆయన. ఆయన పెదవులు అప్పుడే కదులుతున్నాయి, కళ్ళతోనే ఆగమన్నాను.

బిషప్పు గారి కారు ఆగింది. ఆయన దిగి, టోపీ సర్దుకుని, విగ్రహం వైపు తిరిగారు. బండి కదలాలి. ఫాదర్ గారు నా వైపు చూశారు.

నోరు తెరిచాను. గాలి వచ్చింది.

మళ్ళీ తెరిచాను. తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక కిర్రు వచ్చింది. వెనక పాటల గుంపులో మా అమ్మాయి చేతుల్లో మొహం దాచుకోవడం నాకు తెలిసింది. మాస్టారు వేలు లేచింది. పాపం, ఆయనకి మాత్రం ఏం సరదా, బిషప్పు గారు నిలబడి ఉన్నారు.

“ఆగు!” అంది మౌసి.

అంటూనే కొంగు అడ్డం పెట్టుకుని నోట్లో చెయ్యి పెట్టింది. నా అరచెయ్యి లాగి అందులో తడిగా, వెచ్చగా ఏదో పెట్టింది. పైవరస పళ్ళు.

“పట్టుకో. ఇప్పుడు ఎగిరీవి నేవు నా కాడ.”

దీపం రెండు చేతులా పట్టుకుని, మెడ చాపి, తానే ఎత్తింది. నలభై ఏళ్ళు వీధులు మోగించిన నోరు. ఏమొచ్చింది? ఫూ. ఫూ ఫూ ఫూ ఫూ. తడి కట్టెల పొయ్యి ఊదినట్టు. ఆ ఊదుడికి చేతిలో దీపం రెపరెపలాడి ఆరిపోయింది.

మౌసి దీపం వైపు చూసింది. బిషప్పు గారు దీపం వైపు చూశారు. అప్పుడు మౌసి నా వైపు తిరిగి, బోసి చిగుళ్ళన్నీ కనిపించేలాగ నోరు తెరిచి, పసిపిల్లలాగ నవ్వేసింది.

నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గుప్పిట్లో పళ్ళు, ఎదురుగా చిగుళ్ళు, మధ్యలో ఆరిన దీపం. ఆపుకుందామంటే ఆగలేదు. అది పొట్టలోంచి గొంతులోకి ఎక్కి, గొంతులోంచి పైపైకి పోయి, ఇంక వెళ్ళడానికి చోటు లేక నా నాలుకని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నవ్వు ఎక్కడ ఆగిందో, హుళహుళి ఎక్కడ మొదలైందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసేసరికి అది నా ముందు వీధిలో పరిగెడుతోంది.

వెనక గుంపంతా అందుకుంది. గుంపు వెనక మా తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళు కూడా, రాకపోయినా సరే, వచ్చినట్టు అరిచేశారు. బండి కదిలింది. ఎవరో అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించారు. మౌసి ముందు నడిచింది, పక్కన నేను. మాస్టారు వేలు దించి, ఫోను జేబులో పెట్టుకుని, తన పెట్టెకి ఎండ తగలకుండా రుమాలు కప్పాడు.

నేనిక ఆగలేదు. మలుపు తిరిగితే హుళహుళి, గేదె ఎదురొస్తే హుళహుళి. నిండా ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే మౌసి మోచేత్తో పొడిచేది. మా సందు మొదట్లోకి వచ్చేసరికి మేడల మీంచి జవాబు మోగింది. ఎదురింటి ఆవిడ, వెనకింటి ఆవిడ, ఆ రోజు పెళ్ళి అనుకుని మోగించినవాళ్ళందరూ. మా వదినకి హుళహుళి రాదు కదా. ఆమె సందు మొదట్లో నిలబడి, పన్నీరు బుడ్డి ఎత్తి, బిషప్పు గారి మీదా, ఫాదర్ గారి మీదా, మౌసి మీదా ధారాళంగా చల్లేసింది.

మౌసి కళ్ళద్దాల మీది చుక్కలు తుడుచుకుంటూ పైకి చూసింది. ఆకాశం తప్ప ఏమీ లేదు.

“ఇక్కడా కారతందేటే?” అంది, బోసినోటితో.

పూజయ్యాక పండుగ భోజనం. అన్నం, కూరగాయలు వేసి వండిన పప్పు దాల్మా, చేపల కూర. నేను మూడోసారి చేపల కూర వడ్డించుకుంటున్నాను. నలుగురూ వచ్చి నా భుజం తడుతున్నారు, నేను మహారాణిలాగ కూర్చున్నాను. ఆ చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది. అది విన్నాక నాకంటే పెద్ద గొంతు ఇంకా మౌసిదేనని ఒప్పుకున్నాను.

“ఒసే తెలుగుదానా! నా పళ్ళేవే? సేప సల్లారిపోతంది!”

గుప్పిట విప్పి చూసుకున్నాను. లేవు. కొంగు ముడి విప్పాను. దేవుడి దయ, అక్కడున్నాయి. వాటి పక్కనే ఒక పటికబెల్లం ముక్క. కడిగి, రెండూ ఇచ్చాను. ఆమె బెల్లం ముందు నోట్లో వేసుకుని, ఎడమ చెంపకి ఒకసారి, కుడి చెంపకి ఒకసారి తోసి చూపించి, అప్పుడు పళ్ళు పెట్టుకుని కరకరా నమిలేసింది.

ఇప్పుడు నేను ముందు చాప మీద, మౌసి పక్కన కూర్చుంటాను. మిగతా తెలుగు ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే ముందుకి జరిగారు. ఆ మూల చాప మీద ఇప్పుడు పిల్లలు దొర్లుతున్నారు. ముందు కూర్చుంటే పీఠం బాగా కనిపిస్తుంది. జడలే కనిపించవు, అదొక్కటే లోటు. స్వాగతం కాగితంలో కిందటి నెల మా అమ్మాయి కూడా పేరు రాసింది. ఇంట్లో మాత్రం సాధన చెయ్యనంది, ఎందుకో మీకు తెలుసు.

సరే, పొద్దుపోతోంది, లేవండి. వెళ్ళేముందు ఈ మాట మీ చెంగున కట్టుకుని వెళ్ళండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోళ్ళు, పళ్ళున్నా లేకపోయినా, నవ్వుతూ ఉండాలి. మీ ఇంటి దీపం ఆరితే నవ్వుకే ఆరాలి, పక్కనున్న చెయ్యే వెంటనే వెలిగించాలి. మీ గడపలోకి మంచి కబురు ఎప్పుడూ పెద్ద గొంతుతో రావాలి. ఒకవేళ పొరపాటు కబురు వచ్చినా, అది ఛెనాపోడ పళ్ళెంతోనే రావాలి.